కారు డ్యాష్‌బోర్డులో ట్యాబ్ పెట్టిస్తున్నారా? ముందు ఇది చదవండి

స్టీరియో తీసేసి ఆ చోట ట్యాబ్ బిగిస్తామని, కావాలంటే చేత్తో లాగితే ఊడి వస్తుందని, ఇంట్లో పిల్లలూ వాడుకోవచ్చని చెప్పే యాక్సెసరీస్ షాపులు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నాయి. విజయవాడలో అలాంటి ఒక షాపులో మా చిన్న కారుకి ఈ పని చేయించాం. ఫినిషింగ్ బాగాలేదన్నంత వరకే అయితే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు. గుంటూరు వెళ్లే దారిలో డ్యాష్‌బోర్డు వెనక నుంచి ప్లాస్టిక్ కాలుతున్న కమురు వాసన వచ్చింది. వెనక సీట్లో మా అమ్మ, మా పాప ఉన్నారు. బండి పక్కకి ఆపి, అందరినీ దించి, బ్యాటరీ టెర్మినల్ ఊడదీశాక గానీ మనసు కుదుటపడలేదు. ఇంకే ఇంటికీ ఈ పరిస్థితి రాకూడదని రాస్తున్నాను.

షాపువాళ్లు మొదట ఇచ్చిన మాట ఇదీ: "ఏమీ కొయ్యం సార్, అంతా కప్లర్ టు కప్లర్. రేపు వద్దనుకుంటే మీ పాత స్టీరియో మళ్లీ పెట్టేసుకోవచ్చు." కప్లర్ టు కప్లర్ అంటే వైర్లు కత్తిరించకుండా కంపెనీ ప్లగ్గుకే ప్లగ్గు తగిలించడం. వాళ్ల మాట నిజమో కాదో తెలుసుకోవడానికి ఒక స్కేలు చాలు. చాలా కార్లలో డబుల్ డిన్ అనే పెద్ద సైజు స్టీరియో గూడు సుమారు 18 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఉదాహరణకి 8.7 అంగుళాల శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్ పొడవు 21 సెంటీమీటర్ల పైన, వెడల్పు 12 సెంటీమీటర్ల పైన. 7 అంగుళాల ట్యాబ్‌లు కూడా మామూలుగా ఆ గూడులో పట్టవు. అంటే కొయ్యకుండా లోపల కూర్చోబెట్టడం కుదరదు. మా కారులో స్టీరియో చుట్టూ ఉండే ఫ్రేమ్‌ని, దాని వెనక ప్లాస్టిక్ పట్టీలని బ్లేడు వేడిచేసి కోసేశారు. పైన ఏసీ వెంట్ సగం మూసుకుపోయింది. హజార్డ్ లైట్ల స్విచ్‌ని కిందికి జరిపారు, చీకట్లో చెయ్యి పెడితే దొరకదు. ట్యాబ్‌ని ఎప్పుడైనా బయటికి లాగొచ్చు, అది నిజమే. కోసిన ఫ్రేమ్ మాత్రం కొత్తది కొనాల్సిందే. లోపలి పట్టీలు డ్యాష్‌బోర్డులో భాగం కాబట్టి అవి విడిగా దొరకవు.

అసలు ప్రమాదం వైరింగులో ఉంది. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

స్టీరియో వెనక రెండు రకాల కరెంటు వస్తుంది. ఒకటి తాళం తిప్పితేనే వచ్చేది, దాన్ని ఏసీసీ లైన్ అంటారు. రెండోది బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండేది. ట్యాబ్‌కి కావాల్సింది 5 వోల్టులు కాబట్టి 12 వోల్టులని తగ్గించే చిన్న కన్వర్టర్ ఒకటి మధ్యలో పెడతారు. ట్యాబ్ నేరుగా కారు స్పీకర్లని మోయలేదు కాబట్టి సౌండు పెంచే యాంప్లిఫైయర్ బోర్డు ఒకటి కూడా పెడతారు. ఈ రెండింటినీ ఏసీసీ లైన్‌కి కలపాలి. మా కారులో ఎప్పుడూ కరెంటు ఉండే లైన్‌కి కలిపేశారు. దాంతో కారు లాక్ చేసినా అవి పనిచేస్తూనే ఉన్నాయి. అలా అర ఆంపియర్ లాగినా రోజుకి బ్యాటరీలోంచి 12 ఆంపియర్ అవర్ల చార్జ్ పోతుంది. చిన్న పెట్రోల్ కార్ల బ్యాటరీ 35 ఆంపియర్ అవర్ల దగ్గర ఉంటుంది. రెండు రోజులు బండి కదపకపోతే మూడో రోజు స్టార్ట్ కాదు. మాకు అదే జరిగింది. షాపుకి ఫోన్ చేస్తే "బ్యాటరీ వీక్ అయింది సార్, కొత్తది వేయించండి" అన్నారు. బ్యాటరీ చెక్ చేయిస్తే అది బాగానే ఉంది.

తర్వాత స్టీరియో ఫ్యూజు పోవడం మొదలైంది. షాపుకి తీసుకెళ్తే ఎందుకు పోతోందో చూడలేదు. 10 ఆంపియర్ల ఫ్యూజు తీసి 20 ఆంపియర్లది వేసి, ఇక పోదు అని పంపించారు. ఇది చాలా ప్రమాదం, దయచేసి గుర్తుపెట్టుకోండి. ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడటానికి. ఆ వైరు ఎంత కరెంటు తట్టుకోగలదో చూసి కంపెనీవాళ్లు ఫ్యూజు సైజు పెడతారు. అంతకన్నా పెద్దది వేస్తే ఫ్యూజు పోయేలోపే వైరు వేడెక్కి కరుగుతుంది. కమురు వాసన వచ్చాక ఆటోనగర్‌లో తెలిసిన ఎలక్ట్రీషియన్ డ్యాష్‌బోర్డు విప్పి చూపించాడు. కప్లర్ అన్నది ఎక్కడా లేదు. కంపెనీ వైర్లు కత్తిరించి, చేత్తో మెలితిప్పి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టారు. ఎండకి టేపు జిగురు కారిపోయి, చుట్టు వదులై, బయటపడ్డ రాగి ఇనుప బ్రాకెట్‌కి తగులుతోంది. ఫ్యూజు పదే పదే పోయింది అందుకే. ఆ హెచ్చరికనే పెద్ద ఫ్యూజుతో నోరు మూయించారు.

ట్యాబ్ సంగతి కూడా చెప్పాలి. దాని స్క్రీన్ ఒక పక్కన పైకి లేచింది. లోపల లిథియం బ్యాటరీ ఉబ్బింది. ఆపిల్ తన ఐప్యాడ్‌లని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని, ఆఫ్ చేసి పెట్టినా 45 డిగ్రీలు దాటనివ్వొద్దని చెబుతుంది. అమెరికాలోని అరిజోనాలో ఎండాకాలంలో కొలిచి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, గంటసేపు ఎండలో నిలిపిన కార్లలో డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకి చేరింది. మన కోస్తా మే నెల ఎండలు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. "పార్క్ చేసినప్పుడు తీసుకెళ్లండి, అందుకే కదా రిమూవబుల్" అంటారు షాపువాళ్లు. సరే, తీసుకెళ్దాం. కానీ నడిపేటప్పుడు కూడా ఎండ అద్దంలోంచి నేరుగా దానిమీదే పడుతుంది, చార్జింగ్ అవుతూనే ఉంటుంది, వెనక గాలి ఆడదు. మీ ట్యాబ్ వీపు కొంచెం ఉబ్బినట్టు కనిపించినా నొక్కి సరిచేయకండి, చార్జింగ్ పెట్టకండి, వెంటనే కారులోంచి తీసేయండి.

స్టీరియో పోవడంతో రేడియో పోయింది, స్టీరింగ్ మీద బటన్లు పనిచేయడం మానేశాయి, రివర్స్ కెమెరా బొమ్మ ఆలస్యంగా వచ్చేది. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లలో జీపీఎస్ ఉండదని కూడా కొనేముందు తెలుసుకోండి. మ్యాప్ కోసమే పెట్టించుకునేవాళ్లకి అది పెద్ద దెబ్బ.

అదే షాపులో ఇంకో కారుకి డ్యాష్‌బోర్డు పైన, ఎడమ పక్కన ట్యాబ్ స్టాండు స్క్రూలతో బిగిస్తుంటే చూశాను. ఆ భాగం కింద ముందు సీటు ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. మన దేశంలో 2021 నుంచి అది తప్పనిసరి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ ట్యాబ్ ఎదురుగా కూర్చున్న మనిషి మొహం మీదికి వస్తుంది. ఆ కారు ఓనరు గారికి అక్కడే చెప్పాను, ఆయన పని ఆపించారు.

సర్వీస్ సెంటర్‌వాళ్లు కోసిన వైర్లు చూసి, ఎలక్ట్రికల్ వారంటీ ఇక వర్తించదన్నారు. ఇన్సూరెన్స్‌లోనూ ఒక మెలిక ఉంది. బయట బిగించిన ఎలక్ట్రానిక్ సామాను పాలసీలోకి రావాలంటే దాని విలువ ముందే చెప్పి ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే అదనపు షరతు) వేయించుకోవాలి. అదనపు ప్రీమియం ఆ విలువలో 4 శాతం. షాపులో ఈ మాట ఎవరూ చెప్పరు.

నిజంగా పెద్ద స్క్రీన్ కావాలంటే నా సలహా ఒకటే. మీ మోడల్‌కి సరిపోయే ఫ్రేమ్‌తో, కప్లర్‌తో వచ్చే ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించుకోండి. లేదా స్టీరియోని అలాగే ఉంచి, మామూలు హోల్డర్‌లో ట్యాబ్ పెట్టి 12 వోల్టుల సాకెట్ నుంచి చార్జ్ చేసుకోండి. ఎయిర్‌బ్యాగ్ దారిలో మాత్రం పెట్టొద్దు. ఏ షాపైనా సరే, ఏసీసీ ఎక్కడి నుంచి తీస్తున్నారు, ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు వేస్తున్నారు అని అడగండి. డ్యాష్‌బోర్డు మూసేముందు జాయింట్లు చూపించమనండి. చూపించడానికి ఇష్టపడకపోతే బండి తీసుకుని వచ్చేయండి. ఏం పని చేశారో రాసిన జీఎస్టీ బిల్లు తప్పకుండా తీసుకోండి. మాకు బిల్లు, వాట్సాప్‌లో వాళ్లు పంపిన "ఏమీ కట్ చెయ్యం" అన్న మెసేజ్ ఉన్నాయి కాబట్టే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇవ్వగలిగాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 5 లక్షల లోపు కేసులకి అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి.

ఇప్పటికే పెట్టించుకున్నవాళ్లు ఈ రాత్రే ఒక పని చేయండి. కారు లాక్ చేసి అరగంట ఆగి, తిరిగి వెళ్లి ట్యాబ్ ఇంకా చార్జ్ అవుతోందేమో చూడండి. ఫ్యూజు బాక్సు మూత మీద రాసిన ఆంపియర్లు, లోపల ఉన్న స్టీరియో ఫ్యూజు ఆంపియర్లు ఒకటేనో కాదో సరిచూడండి. ఈ రెండింటిలో ఏది తేడాగా ఉన్నా ఆ ఫ్యూజు పీకేసి, మంచి ఎలక్ట్రీషియన్‌తో డ్యాష్‌బోర్డు విప్పించి చూపించేదాకా పిల్లల్ని ఆ బండి ఎక్కించకండి.