ఏ ఖుషి, ఎవరి దేవదాసు? గాంధీ రోడ్డు పక్కన పాటలెక్కించే షాపు

తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో పెన్‌డ్రైవ్‌లకి, మెమరీ కార్డులకి పాటలు ఎక్కించే చిన్న షాపు ఒకటుంది. బోర్డు మీద మొబైల్ రిపేరీ అని ఉంటుంది కాబట్టి చాలామందికి తెలీదు. పాత పాటలు ఇష్టపడేవాళ్ళు ఒకసారి తప్పకుండా వెళ్ళండి.

అక్కడ సినిమా పేరొక్కటే చెప్తే పని జరగదు. ఖుషి కావాలంటే "ఏ ఖుషి సామీ, మణిశర్మదా, మొన్నొచ్చిన విజయ్ దేవరకొండదా?" అని అడుగుతాడు పెద్దాయన. దేవదాసు అంటే ఇంకా ఎక్కువ ప్రశ్నలు. 1953లో ఏఎన్నార్‌ది, 1974లో కృష్ణది, 2006లో రామ్‌ది, మూడూ దేవదాసులే. 2018లో నాగార్జున, నానిల 'దేవదాస్' వేరే. నేను నెలనెలా డబ్బులు కట్టే యాప్‌లో ఈ పేరు కొడితే అన్నీ కలిపి కుమ్మరిస్తుంది, 'జగమే మాయ' కోసం కూర్చున్న మా నాన్నకి 2006 సినిమాలోని చక్రి బీటు వినిపిస్తుంది. చక్రి పాటలు బాగుండవని కాదు, నాకూ ఇష్టమే, కానీ ఆయనకి ఆ పూట కావాల్సింది ఘంటసాల గొంతు.

ఈ షాపులో ఫోల్డర్ పేర్లు చూడండి, ముచ్చటేస్తుంది. 'మహర్షి 1987 ఇళయరాజా' ఒకటి, దాని కిందే 'మహర్షి 2019 దేవిశ్రీ'. 'తొలిప్రేమ 1998 దేవా', 'తొలిప్రేమ 2018 తమన్'. సంవత్సరం, సంగీత దర్శకుడు, అంతే. కారు స్టీరియో చిన్న స్క్రీన్ మీద కూడా సగం పేరు కనబడితే చాలు, ఏదో తెలిసిపోతుంది. ఇంత పెద్ద యాప్‌లవాళ్ళు ఈ మాత్రం చేయలేరా అని నాకు నిజంగా కోపం వస్తుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం మిస్సమ్మ విషయం. 1955 మిస్సమ్మలో సాలూరి రాజేశ్వరరావు కట్టిన 'ఆడువారి మాటలకు అర్థాలే వేరులే' ఏ.ఎం.రాజా పాడారు కదా, అదే పాట 2001 ఖుషిలో మళ్ళీ వచ్చింది, 2007లో ఆ పల్లవే ఏకంగా వెంకటేష్ సినిమాకి పేరైంది, దానికేమో యువన్ శంకర్ రాజా సంగీతం. మధ్యలో 2003లో ఇంకో మిస్సమ్మ కూడా వచ్చింది. ఇన్ని ఉంటే మిషన్ తికమక పడక ఏం చేస్తుంది! పెద్దాయన మాత్రం చీటీ చూసి, "రాజా పాడిందే కదా మీకు కావాల్సింది" అని నేరుగా అక్కడికే పోయాడు. తర్వాత ఖుషిలోది కూడా వినిపించి, "ఇదీ ఉండనీ, పిల్లోళ్ళు అడుగుతారు" అన్నాడు.

లోటు ఒక్కటే, భక్తి పాటలు. మన ఊళ్ళో ఇది చిన్న లోటు కాదు. 'అన్నమయ్య కీర్తనలు' అనే పేరుతోనే బోలెడు ఆల్బమ్‌లు ఒకే ఫోల్డర్‌లో పడున్నాయి. 'బ్రహ్మ కడిగిన పాదము' ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడింది వేరు, 1997 అన్నమయ్య సినిమాలో కీరవాణి చేసింది వేరు. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారి కీర్తనలు కావాలంటే ఒక్కొక్కటి ప్లే చేసి వెతుక్కోవాల్సి వచ్చింది. సినిమా పాటలకి సంగీత దర్శకుడి పేరు పెట్టినట్టు వీటికి గాయకుల పేర్లు పెట్టమని చెప్పాను. సరే చేద్దాం అన్నాడు.

సాయంత్రం రష్ ఉంటుంది, పొద్దున పోతే నిదానంగా చూసిస్తాడు. డబ్బులు కూడా ఎక్కువ తీసుకోడు. వెళ్ళేముందు చీటీ మీద సినిమా పేరు పక్కన హీరో పేరో, సంవత్సరమో రాసుకుని పోండి, పాత ఆల్టో కార్లలో కొన్ని స్టీరియోలు ఎక్కువ జీబీ ఉన్న పెన్‌డ్రైవ్‌లు తీసుకోవు, అదీ ముందే అడిగి తెలుసుకోండి.