మారిషస్: రిసార్ట్ కంటే మాహెబూర్ మేలు

మారిషస్ ప్యాకేజీలన్నీ ఒకే అచ్చు. తూర్పు తీరంలో రిసార్ట్, ఒక పూట ఐల్ ఓ సెర్ఫ్‌కి పడవ, ఒక పూట షామరెల్‌లో ఏడు రంగుల నేల, గంగా తలావ్ దగ్గర దణ్ణం, తిరుగు ప్రయాణం. మేమూ అలాగే మొదలుపెట్టాం. ఆగస్టు అక్కడ చలికాలం. ఆగ్నేయ పవనాలు తూర్పు ఒడ్డు మీద ఆగకుండా వీస్తాయి. నీళ్లు ఫొటోల్లో ఉన్నంత నీలంగానే ఉన్నాయి, కానీ కాసేపు కూర్చుంటే కళ్లల్లో ఇసుక. గది శుభ్రం, టిఫిన్ బ్రహ్మాండం, రాత్రి మాత్రం శాకాహారులకు పాస్తాయే గతి. బీచ్ కోసమే వెళ్లేవాళ్లు ఆ నెలల్లో పడమటి వైపు ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో దిగడం నయం.

మేం మకాం ఆగ్నేయ తీరంలోని మాహెబూర్ అనే ఊరికి మార్చాం. అక్కడా గాలే, అయితే ఆ ఊళ్లో చూడాల్సింది వేరు. గెస్ట్‌హౌస్ రిసార్ట్ కంటే చాలా చవక. ఏసీ లేదు, ఆ చలికి అవసరమూ పడలేదు. సోమవారం సంతలో ధాల్ పూరీ తిన్నాం: బొబ్బట్టులోంచి బెల్లం తీసేసి, మీద చిక్కుడుగింజల కూర, పచ్చిమిర్చి కారం పోసి కాగితంలో చుట్టిచ్చినట్టు ఉంటుంది. రెండేసి చొప్పున ఇస్తారు. ఆ జతతోనే మధ్యాహ్నం గడిచిపోయింది.

ఆ ఊరి ముందున్న అఖాతంలోనే 1810 ఆగస్టులో ఫ్రెంచివాళ్లు బ్రిటిష్ నౌకలను ఓడించారు. సంబరం ఎన్నాళ్లో నిలవలేదు, డిసెంబరుకల్లా దీవి మొత్తం బ్రిటిష్ చేతికి పోయింది. దగ్గర్లోని ఐల్ ఓ ఎగ్రెట్ అనే చిన్న దీవికి ముందుగా బుక్ చేసుకుని వెళ్లాలి. టికెట్ ఎక్కువే అనిపించినా మొత్తం యాత్రలో డబ్బుకు తగ్గ ఫలం అక్కడే దక్కింది. డచ్చివాళ్లు నరికేయగా మిగిలిన నల్లచేవ చెట్లు, 1990ల మొదట్లో అడవిలో పదికి అటూఇటూగా మిగిలి, మళ్లీ వందల్లోకి పెరిగిన గులాబీ పావురాలు, దారికి అడ్డంగా పడుకున్న అల్డాబ్రా జాతి భారీ తాబేళ్లు. ఇక్కడి సొంత తాబేళ్లు డోడో పక్షిలాగే అంతరించడంతో వీటిని బయటి నుంచి తెచ్చారు. 2020లో వాకాషియో ఓడ పగడపు దిబ్బకెక్కి, వెయ్యి టన్నుల దాకా చమురు చిందింది ఈ తీరంలోనే. ఆ నల్లని జిడ్డు ఈ దీవి ఒడ్డునూ తాకింది.

రాజధాని పోర్ట్ లూయిస్‌లో, వలస కూలీలు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్‌ని మాత్రం ఎవరూ వదలొద్దు. ప్రవేశం ఉచితం. బానిసత్వం రద్దవగానే చెరకు తోటలకు భారత కూలీలు కావలసి వచ్చి, నాలుగున్నర లక్షల మందికి పైగా ఈ దీవికి తెచ్చారు. కోరంగి, విశాఖ రేవుల నుంచి మనవాళ్లూ ఎక్కారు. ఓడ దిగి ఎక్కిన పదహారు మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. అయిదేళ్ల ఒప్పందం, మగవాడికి నెలకు అయిదు రూపాయలు, ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. ఇది చదివాక తోటల మధ్య గుట్టలుగా కనిపించే నల్లరాళ్లు వేరే లెక్కలో కనిపిస్తాయి. లావా నేలలోంచి ఒక్కొక్కటీ చేత్తో ఏరి పోసినవవి. ఉగాది అక్కడ సెలవు, సింహాద్రి అప్పన్న పూజలూ జరుగుతాయి. పూర్వీకుల ఆచూకీ వెతికేవాళ్లకు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రికార్డులున్నాయి.

ఏడు రంగుల నేల చూడకపోయినా నష్టం లేదు. కంచె బయట నిలబడి ఫొటో తీసుకోవడమే. అక్కడిదాకా పోతే ల మోర్న్ కొండ చూసి రండి, పారిపోయిన బానిసలు తలదాచుకున్న చోటు. మా ట్యాక్సీ డ్రైవరు అడక్కుండానే రెండు షాపుల్లో ఆపాడు, కాబట్టి రేటుతో పాటు ఆగే చోట్లు కూడా ముందే మాట్లాడుకోండి. బస్సులు చవక, కానీ పల్లెల వైపు చీకటిపడేసరికి ఆగిపోతాయి. క్యూర్‌పీప్ నుంచి రాజధానికి మెట్రో ఉంది, దాన్ని నమ్ముకోవచ్చు.