చీపురుపుల్లతో లేచే డబ్బా

రెండున్నరేళ్లుగా మా ఇంట్లో రూటర్ పక్కన అరచేతిలో పట్టేంత ఆండ్రాయిడ్ టీవీ బాక్స్ ఒకటి లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ నడుపుతూ కూర్చుంది. దాని గురించి నేను చెప్పాలనుకున్నదంతా ఒక్క బటన్ చుట్టూనే తిరుగుతుంది. ఆ బటన్ పైకి కనపడదు. డబ్బాలో వచ్చిన కాగితంలో దాని ఊసే లేదు. పాత టీవీలకు వైరు గుచ్చే ఏవీ జాక్ ఉంటుంది చూశారూ, ఆ కంత అడుగున దాక్కుని ఉంటుంది.

మెమరీ కార్డులోకి ఆర్మ్‌బియన్ (ఇలాంటి చిన్న బోర్డుల కోసం చేసిన లైనక్స్) ఎక్కించి, గుచ్చి, కరెంటు ఇస్తే లైనక్స్ వచ్చేస్తుందనుకున్నాను. ఆండ్రాయిడ్ బొమ్మే వచ్చింది. పదిసార్లు చేసినా అదే. ఎందుకంటే ఈ చిప్ ముందు డబ్బా లోపలి స్టోరేజీ అయిన ఈఎంఎంసీనే చూసుకుంటుంది. అందులో ఉన్న బూట్‌లోడర్, అంటే కరెంటు రాగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపే ప్రోగ్రాం, ఆండ్రాయిడ్‌ది. దానికి కార్డు సంగతి అక్కర్లేదు. బటన్ నొక్కిపట్టి కరెంటు ఇస్తే మాత్రం కార్డులో ఏఎంఎల్_ఆటోస్క్రిప్ట్ అనే ఫైలు ఉందేమో వెతుకుతుంది. ఆ ఫైలు బూట్‌లోడర్ సెట్టింగులు మార్చి, ఇకమీదట ముందు కార్డూ పెన్‌డ్రైవూ చూడమని రాసి పెడుతుంది. ఒక్కసారి నొక్కితే చాలు, మళ్లీ అక్కర్లేదు. లోపలి ఆండ్రాయిడ్ చెక్కుచెదరదు, కార్డు తీసేస్తే అదే వస్తుంది. ఇంత చక్కటి ఏర్పాటుని తీసుకెళ్లి ఆ కంతలో ఎందుకు పాతిపెట్టారో!

టూత్‌పిక్ పెట్టాను, విరిగింది. పిన్ను పెట్టడానికి భయమేసింది. చివరికి వంటింట్లోంచి చీపురుపుల్లలు రెండు పట్టుకొస్తుంటే అమ్మ చూసి, "ఊడ్చే ఉద్దేశం ఉందా, పుల్లలు పీకే ఉద్దేశమేనా?" అంది. పుల్ల మొద్దు వైపు లోపలికి పెట్టి మెల్లగా నొక్కితే చిన్నగా 'టిక్' మంది. అలాగే పట్టుకుని కరెంటు పెట్టి, బొమ్మ రెండోసారి వచ్చాక వదిలాను.

టీవీ నల్లబడింది. అలా నల్లగానే ఉండిపోయింది.

ఒక ఆదివారమంతా దానికే పోయింది. కార్డు మార్చాను, హెచ్‌డీఎంఐ వైరు మార్చాను, అడాప్టర్ మార్చాను. తప్పు వాటిలో దేనిలోనూ లేదు, డబ్బా మీది స్టిక్కర్లో ఉంది. ఎస్905ఎక్స్2 అని రాసి ఉంటే దాన్ని నమ్మి, ఆ తరం చిప్‌కి సరిపోయే యూ-బూట్ అనే బూట్‌లోడర్ ఫైలునీ, బోర్డు మీద ఏముందో లైనక్స్‌కి చెప్పే డీటీబీ ఫైలునీ పెట్టాను. మూత ఊడదీసి, హీట్‌సింక్ కింద చూస్తే చిప్ మీద ఎస్905డబ్ల్యూ అని చెక్కి ఉంది. ముందు తరం సరుకు, అందులోనూ చవక రకం. అప్పుడు యూ-బూట్-ఎస్905ఎక్స్-ఎస్912 అనే ఫైలుని కాపీ చేసి దానికి యూ-బూట్.ఈఎక్స్‌టీ అని పేరు పెట్టి, ఎక్స్‌ట్‌లినక్స్.కాన్ఫ్ అనే బూట్ సెట్టింగుల ఫైల్లో ఎఫ్‌డీటీ వరసలో పీ281 అని ముగిసే డీటీబీ పేరు రాశాను. ఈసారి తెల్లటి అక్షరాలు జలజలా జారాయి. యూజర్ పేరు రూట్, పాస్‌వర్డ్ 1234 కొట్టి లోపలికి వెళ్లాక మొట్టమొదట చూసింది మెమరీ. ఆండ్రాయిడ్ రెండు జీబీ అని చూపించినది లైనక్స్‌లో ఒక జీబీ అయింది. అమ్మినవాడి మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మొదటి నెలలో కనపడిన ప్రతివాడికీ "రెండున్నర వేలకి కంప్యూటర్" అని చెప్పి తిరిగాను. ఆ మాట కాస్త సవరించుకోవాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది కానీ బ్రౌజర్లో మూడో ట్యాబుకే చతికిలబడుతుంది. నా దాంట్లో వైఫై చిప్‌కి డ్రైవరే దొరకలేదు, కాబట్టి లాన్ వైరుతోనే నడుస్తోంది. ఆపేస్తే మళ్లీ రిమోట్‌తో లేవదు, ప్లగ్ పీకి పెట్టాల్సిందే. తెరా కీబోర్డూ లేకుండా, పై-హోల్ అనే ప్రోగ్రాంతో ఇంటి నెట్ మొత్తంలో ప్రకటనలు ఆపడానికీ, నాన్న పాత పాటల ఎంపీ3లూ పెళ్లి ఫొటోలూ సాంబా (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే ప్రోగ్రాం) మీద ఇంట్లో అందరికీ అందించడానికీ అయితే సరిపోయింది.

పద్నాలుగు నెలలకి అసలు దెబ్బ తగిలింది. గాలివానలో కరెంటు ఒక రాత్రిలో ఏడెనిమిదిసార్లు పోయి వచ్చింది. తెల్లారేసరికి ఇంట్లో ఎవరి ఫోన్లోనూ నెట్ లేదు. ఇంట్లో ఫోన్లన్నీ సైట్ల చిరునామాలు పై-హోల్‌నే అడుగుతాయి, అది పోతే అంతే మరి. బాక్స్‌ని టీవీకి తగిలిస్తే హాయిగా ఆండ్రాయిడ్ కనపడింది. కార్డు చచ్చిపోయింది. కొత్త కార్డులో ఎక్కించి పెడితే బొమ్మ దగ్గరే ఆగింది. పుల్లతో నొక్కాను, మళ్లీ నొక్కాను, బటన్ పాడైందేమోనని దాన్నే తిట్టాను. రాత్రి పదింటికి గుర్తొచ్చింది, యూ-బూట్ ఫైలు కాపీ చెయ్యడం మర్చిపోయానని. పాపం బటన్ తప్పేం లేదు. ఆ రెండు ఫైళ్ల పేర్లూ కాగితం మీద రాసి డబ్బా అడుగున అంటించాను, పక్కనే ఒక చీపురుపుల్ల కూడా టేపు వేసి. పాటలు, ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి కాబట్టి నాన్న దగ్గర మాట పడలేదు.

ఇప్పుడు ఇన్వర్టర్ లైను మీద పెట్టాను, ఏడాది దాటినా కార్డు బాగానే ఉంది. కొనమంటారా అంటే, ఇంట్లో పాత బాక్స్ మూల పడి ఉండి, రూటర్ దగ్గర లాన్ పోర్టు ఖాళీగా ఉండి, మూత విప్పడానికి వెనకాడకపోతే ప్రయత్నించండి. దీనికోసమే కొత్తది కొనాలంటే మాత్రం నేను కొనను, చిప్ మీది అక్షరాలు ముందే చూపించే అమ్మకందారు దొరికితే తప్ప.