మా ఊరి నైట్ హాల్ట్ పల్లెవెలుగు - నా రివ్యూ

ఫోన్లకీ బిర్యానీలకీ అందరూ రివ్యూలు రాస్తారు, ఆర్టీసీ పల్లెవెలుగుకి ఎవడూ రాయడు, అందుకే నేను రాస్తున్నా. మొన్న నాలుగు రోజులు ఊళ్లో ఉన్నా, రోజూ నైట్ హాల్ట్ బస్సే. తెలీనోళ్లకి చెప్తున్నా, రాత్రి ఆఖరి ట్రిప్పు ఊరికొచ్చి అక్కడే ఆగిపోద్ది, డ్రైవరూ కండక్టరూ ఊళ్లోనే పడుకుని తెల్లారి అదే బస్సు ఫస్ట్ ట్రిప్పు తీస్తారు.

రాత్రి లెక్కపెట్టా, నాతో కలిపి ఏడుగురం. బట్టల షాపులో చేసే ఇద్దరమ్మాయిలు, పెద్దాసుపత్రి నుంచి ఎక్స్‌రే కవరు పట్టుకుని ఓ తాత... డీజిల్ డబ్బులు కూడా రావు కదన్నా అంటే కండక్టరన్న నవ్వి "ఈ ట్రిప్పు ఓఆర్ అడక్కు బాబూ, పొద్దున ట్రిప్పు చూడు" అన్నాడు. ఓఆర్ అంటే సీట్లు ఎంత నిండాయనే లెక్క. పొద్దున చూస్తే నిజంగానే కాలు పెట్టే చోటు లేదు, పాసు పిల్లలు, పూలబుట్టలు, ఫుట్‌బోర్డు దాకా జనం.

మా బావ ఏమో నష్టమొచ్చే రూటు ప్రైవేటోళ్లకి ఇచ్చెయ్యొచ్చుగా అంటాడు. ఇస్తే వాళ్లు పొద్దుటి ట్రిప్పు తోలతారు బావా, రాత్రిది ఎవడు తోలతాడు? ఓ రోజు బస్సు మిస్సయ్యి ఆటో అడిగితే 400 అన్నాడు, అదీ ఇంకో ముగ్గురు దొరికితేనే కదుల్తాడంట!

1950 నాటి ఆర్టీసీ చట్టంలోనే ఈ తిరకాసు ఉంది, 18వ సెక్షను జనానికి చాలినన్ని సర్వీసులు నడపమంటది, 22వది వ్యాపార పద్ధతిలో నడపమంటది. రెండూ ఆ కండక్టరన్న నెత్తి మీదే. ఏపీలో 2020 జనవరి 1 నుంచి స్టాఫు గవర్నమెంటు ఉద్యోగులే, బస్సులు మాత్రం కార్పొరేషన్‌వి.

2025 ఆగస్టు 15 నుంచి ఆడోళ్లకి ఫ్రీ బస్సు స్కీము, స్త్రీశక్తి, ఉంది కదా, అమ్మ ఆధార్ చూపిస్తే మెషీన్లోంచి జీరో టికెట్ వచ్చింది. "ఫ్రీ అయితే మళ్లీ టికెట్టెందుకయ్యా" అంటే "గవర్నమెంటు మాకు కట్టాల్సింది ఈ లెక్క చూసేనమ్మా, దిగేదాకా పారెయ్యొద్దు" అన్నాడు. అమ్మ దాన్ని మడిచి కళ్లజోడు డబ్బాలో పెట్టుకుంది.

రేటింగ్ 5కి 4.5. వెనక సీట్లో కూర్చుంటే నడుం పోద్ది, అందుకని అర మార్కు కోశా, తప్పు మా ఊరి రోడ్డుదే అనుకోండి.