స్లీప్ ఆప్నియా: ఇంటి పరీక్షా, ల్యాబ్ పరీక్షా? మాస్కా, ఆపరేషనా?

నిద్రలో గొంతు వెనక దారి మూసుకుపోయి శ్వాస ఆగడం, ఒంట్లో ఆక్సిజన్ తగ్గడం, మెదడు ఉలిక్కిపడి లేపితే మళ్లీ ఊపిరి అందడం, ఇలా రాత్రంతా జరిగేదే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. పెద్దల్లో కనీసం 10 సెకన్లు ఆగితేనే లెక్కలోకి తీసుకుంటారు. పిల్లల్లో రెండు శ్వాసలు పట్టేంత సేపు ఆగినా లెక్కే. పరీక్షలోనూ వైద్యంలోనూ పెద్దలకు మేలైన దారి పిల్లలకు మేలైనది కాదు. ఈ సంగతి తెలియకే చాలా ఇళ్లలో కాలయాపన జరుగుతోంది.

గంటకు సగటున ఎన్నిసార్లు శ్వాస ఆగింది, లేదా బాగా తగ్గింది అన్న లెక్కను ఏహెచ్‌ఐ అంటారు. పెద్దల్లో 5 నుంచి 15 స్వల్పం, 30 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. పిల్లల్లో 1 దాటినా తేడా ఉన్నట్టే, 10 దాటితే తీవ్రం. పిల్లాడి రిపోర్టులో 6 ఉంటే, పెద్దల కొలతతో చూసి 'స్వల్పమే' అని ఊరుకోకూడదు. అది మధ్యస్థ స్థాయి జబ్బు.

ముందు పరీక్ష సంగతి. గట్టి గురక, పగలు కునికిపాట్లు, మందులకు లొంగని బీపీ ఉండి, వేరే పెద్ద జబ్బులేమీ లేని పెద్దవాళ్లకు ఇంటి పరీక్షే మేలు. ముక్కు దగ్గర సన్నని గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టుకుని తమ మంచం మీదే పడుకోవచ్చు, ఖర్చూ తక్కువ. కానీ మామూలు ఇంటి పరికరానికి మనం నిద్రపోయామో లేదో తెలియదు. 8 గంటల రికార్డింగులో 80 సార్లు శ్వాస ఆగితే గంటకు 10 అని చూపిస్తుంది. ఆ మనిషి నిజంగా నిద్రపోయింది 5 గంటలే అయితే అసలు లెక్క 16. అంటే స్వల్పం అని రాసినది మధ్యస్థం అన్నమాట. కాబట్టి ఇంటి పరీక్షలో 'ఉంది' అని వస్తే నమ్మవచ్చు. లక్షణాలున్నా 'లేదు' అని వస్తే మాత్రం ల్యాబ్‌లో పూర్తి స్లీప్ స్టడీ చేయించుకోవాలి. గుండె వైఫల్యం, పక్షవాతం, సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు), నరాల, కండరాల జబ్బులు ఉన్నవాళ్లు మొదటే ల్యాబ్‌కు వెళ్లాలి. చేతి గడియారం చూపించే ఆక్సిజన్ అంకె అనుమానానికి పనికొస్తుంది గానీ నిర్ధారణకు కాదు.

పిల్లలకు ల్యాబ్ పరీక్షే సరైనది. మెదడు తరంగాలు, కార్బన్ డయాక్సైడ్ కూడా కొలుస్తారు, పక్కన అమ్మో నాన్నో ఉండవచ్చు. పిల్లల్లో పగటి నిద్ర కన్నా చిరాకు, నిలకడలేమి, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, మెడ వెనక్కి వాల్చి నోరు తెరిచి పడుకోవడం ఎక్కువ కనిపిస్తాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డకు గురక లేకపోయినా 4 ఏళ్లలోపు ఈ పరీక్ష చేయించాలి.

వైద్యానికి వస్తే, పెద్దల్లో మధ్యస్థ, తీవ్ర జబ్బుకు మాస్కు గుండా గాలి పంపే మిషన్ సీప్యాప్‌దే మొదటి చోటు. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివాన్ బృందం దీన్ని ప్రచురించింది. గాలి ఒత్తిడితో గొంతు దారిని తెరిచి ఉంచడమే దీని పని. చాలామంది 'నాకు పడలేదు' అని మూలన పెట్టేయడానికి కారణం మిషన్ కన్నా మాస్కే. కూర్చుని బిగించుకుంటారు, పడుకోగానే ముఖం కండరాలు సడలి గాలి కారుతుంది, దాంతో పట్టీలు ఇంకా లాగుతారు. మెత్తని అంచు ఉబ్బడానికే చోటు లేక అప్పుడు ఇంకా కారుతుంది, ముక్కు దూలం మీద పుండూ పడుతుంది. పడుకుని, మిషన్ ఆన్ చేసి, గాలి వస్తుండగానే పట్టీలు సరిచేసుకోవాలి. పొద్దున నోరు ఎండిపోతోందంటే గాలి నోటి గుండా పోతోందని అర్థం. ముక్కు దిబ్బడకు మందు వాడాలి, తగ్గకపోతే నోరూ ముక్కూ కప్పే మాస్కుకు మారాలి. ఏసీ గదిలో గొట్టంలో నీళ్లు చేరి గుడగుడమంటుంటే తేమ స్థాయి తగ్గించాలి, లేదా వేడెక్కే గొట్టం వాడాలి. గాలికి తేమ కలిపే హ్యూమిడిఫయర్‌లో డిస్టిల్డ్ వాటరే పోయాలి. కరెంటు పోయే ఊళ్లలో దీన్ని ఇన్వర్టర్ లైనుకు కలపాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అయస్కాంతపు క్లిప్పులున్న మాస్కు కొనకూడదు.

స్వల్ప, మధ్యస్థ జబ్బుండి మాస్కు భరించలేనివాళ్లకు కింది దవడను ముందుకు పట్టి ఉంచే నోటి పరికరం మంచి ప్రత్యామ్నాయం. ఏహెచ్‌ఐని సీప్యాప్ అంతగా తగ్గించదు, కానీ దీన్ని రాత్రంతా పెట్టుకునేవాళ్లు ఎక్కువ. రెండు గంటలకే తీసి పక్కన పెట్టే మాస్కు కన్నా ఇదే నయం. వేడినీళ్లలో ముంచి కొరికే ఆన్‌లైన్ రకం వద్దు. దంత వైద్యులు కొలతలు తీసి చేసి, కొంచెం కొంచెంగా ముందుకు జరిపేదే తీసుకోవాలి. పళ్లు గట్టిగా ఉండాలి. ఏళ్లు గడిచేకొద్దీ పళ్ల కలయిక కాస్త మారవచ్చు. అమర్చాక దాన్ని పెట్టుకునే మరోసారి పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే గురక ఆగినంత మాత్రాన ఆప్నియా ఆగినట్టు కాదు. కొండనాలుక, అంగిలి కోసే ఆపరేషన్ పెద్దల్లో మొదటి ఎంపిక కాకూడదు, ఫలితం మనిషికో రకంగా ఉంటుంది. బరువు తగ్గడం మాత్రం దేనితోనైనా కలిపి చేయాల్సిందే.

పిల్లల్లో ఈ వరుస తలకిందులవుతుంది. టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ పెద్దవై దారి మూసేస్తుంటే వాటిని తీసేయడమే మొదటి వైద్యం. అమెరికాలో 5–9 ఏళ్ల పిల్లలపై జరిపి 2013లో ప్రచురించిన చాట్ అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్నవారిలో 79 శాతం మందికి ఏడు నెలల్లో స్లీప్ స్టడీ మామూలైంది. వేచి చూసినవారిలోనూ 46 శాతం మందికి అలాగే అయింది. కాబట్టి స్వల్ప జబ్బుకు ముక్కు స్టెరాయిడ్ స్ప్రేతో కొన్ని వారాలు ఆగి చూడటం తప్పు కాదు. అయితే ఆ పిల్లల్లో మరీ తీవ్రమైన జబ్బు ఉన్నవాళ్లు లేరు. ఎదుగుదల ఆగిపోతున్న బిడ్డ విషయంలో ఎదురుచూపు వద్దు.

3 ఏళ్లలోపు పిల్లలనూ, ఏహెచ్‌ఐ 10 దాటినవాళ్లనూ ఆపరేషన్ రోజు రాత్రి ఆసుపత్రిలోనే ఉంచాలి. ఈ పిల్లల్లో నల్లమందు జాతి నొప్పి మందులు శ్వాసను మరీ అణచేస్తాయి, వాటిలో కోడీన్ అసలు ఇవ్వకూడదు. 5 నుంచి 10 రోజుల మధ్య గొంతులో పొక్కు ఊడేటప్పుడు రక్తం రావచ్చు. ఉమ్మిలో తాజా ఎర్ర రక్తం కనిపిస్తే, కాసేపట్లో ఆగుతుందిలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఊబకాయం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఆపరేషన్ తర్వాతా జబ్బు మిగిలిపోవడం ఎక్కువ. రెండు మూడు నెలలకు మళ్లీ స్లీప్ స్టడీ చేయించి, మిగిలి ఉంటే అప్పుడు సీప్యాప్ పెట్టాలి. ముఖం పెరుగుతూ ఉంటుంది కనుక మాస్కు సైజు తరచూ చూపించుకోవాలి.