పల్చటి అల్యూమినియం జాబ్ వంగకుండా: వైజా, వాక్యూమా?

పల్చటి అల్యూమినియం ప్లేటు మిల్లింగ్‌లో (తిరిగే టూల్‌తో చెక్కేటప్పుడు) వంగిపోతోంది, వాక్యూమ్ ఫిక్చర్ (అడుగున గాలి లాగేసి ప్లేటును పట్టి ఉంచే బల్ల) కొంటే బాగుపడుతుందా అని చాలామంది అడుగుతున్నారు. కొంతవరకు బాగుపడుతుంది. కానీ నా దృష్టిలో పట్టు కంటే ముఖ్యం ప్లేటు లోపల ఉన్న ఒత్తిడి. దాన్ని ఏ వరసలో బయటికి వదులుతామన్నదాని మీదే జాబ్ (చెక్కే ముక్క) చదును నిలుస్తుంది.

వైజ్ (రెండు దవడల మధ్య బిగించే పట్టు) పక్కల నుంచి నొక్కుతుంది కాబట్టి ప్లేటు నడుమ పైకి ఉబ్బుతుంది. ఉబ్బినదాన్నే చదును చేస్తాం, విప్పగానే నడుమ గుంట పడుతుంది. వాక్యూమ్‌తో ఆ బాధ లేదు, అడుగంతా సమానంగా పట్టుకుంటుంది. అయితే దాని బలం వాతావరణ పీడనాన్ని మించదు: చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో. చిన్న జాబ్ మీద గట్టి కట్ వేస్తే జారిపోతుంది. పైగా ముందే వంగిన ప్లేటును బల్లకు లాగి చదునుగా చూపిస్తుంది, పంపు ఆపగానే పాత వంపు తిరిగొస్తుంది. డబుల్ సైడ్ టేపు తేలికపాటి ఫినిషింగ్‌కు (చివరి పల్చటి కోతకు) చాలు.

ఇక మెటీరియల్. 6061-టి6 అనే అల్యూమినియం మిశ్రమాన్ని గట్టిపరచడానికి బాగా వేడిచేసి ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొరలు ముందు చల్లబడతాయి, నడిమి భాగం ఆలస్యంగా. చివరికి పైపొరల్లో నొక్కుడు, నడుమ లాగుడు మిగిలిపోతాయి. రెండు ముఖాలూ సమానంగా ఉన్నంతసేపు ప్లేటు కదలదు. ఒకవైపే చెక్కామా, తూకం చెడి అంచులు ఆవైపుకు లేస్తాయి. దీన్ని ఏ పట్టూ ఆపలేదు, విప్పేదాకా దాచి ఉంచుతుంది అంతే. అదే మిశ్రమంలో టి651 రకం ప్లేటును చల్లార్చాక 1.5 నుంచి 3 శాతం సాగదీస్తారు, అందువల్ల ఈ ఒత్తిడి చాలావరకు పోతుంది. పోత టూలింగ్ ప్లేటు (అచ్చులో పోసి చేసినది) ఇంకా నిలకడైనది, కానీ బలం తక్కువ. ఫిక్చర్ బేసులకు (జాబ్‌ను పట్టే సాధనాల అడుగు ప్లేట్లకు) బాగుంటుంది, భారం మోసే భాగాలకు నేను వాడను.

నా ఎంపిక టి651. వైజ్‌లోనే రెండువైపులా రఫింగ్ (ఎక్కువ లోహం తీసే మొదటి చెక్కుడు) చేసి, ముఖానికి అర మిల్లీమీటరు వదులుతాను. తర్వాత విప్పేసి, ఎంత వంగాలో అంత వంగనిస్తాను. పూర్తిగా చల్లారేదాకా ఆగడం కూడా అవసరమే: 300 మి.మీ. అల్యూమినియం ముక్క 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.07 మి.మీ. పెరుగుతుంది. ఆపైన వంపు కింద షిమ్‌లు (పల్చటి రేకు ముక్కలు) పెట్టి, బలవంతంగా నొక్కకుండా పట్టి, పదునైన టూల్‌తో ఒక ముఖం పూర్తిచేస్తాను. చదునైన ఆ ముఖాన్ని కిందికి తిప్పి రెండోదాన్ని వాక్యూమ్ మీద తీస్తాను. వాక్యూమ్‌కు సరైన చోటు ఇదే.

కొనేముందు ఒక పరీక్ష చేయండి. కట్ వేయకముందే ప్లేటు నడుమ డయల్ ఇండికేటర్ (సన్నని కదలికను ముల్లుతో చూపే కొలత సాధనం) పెట్టి వైజ్‌ను బిగించి, వదులు చేయండి. ముల్లు బాగా కదిలితే తప్పు పట్టుదే, వాక్యూమ్ పనికొస్తుంది. అప్పుడు కదలక, రఫింగ్ అయ్యాక విప్పినప్పుడు కదిలితే మాత్రం ముందు ప్లేటు మార్చండి, చెక్కే వరస మార్చండి.