మోడల్ రైళ్లు: ప్రకటన రాగానే బుక్ చేయాలా, సరుకు వచ్చాక కొనాలా?

మోడల్ రైళ్ల కొత్త జాబితా వచ్చిన రోజు చేతులు ఊరుకోవు. బ్రిటన్‌లో హార్న్‌బీ కంపెనీ చాలా ఏళ్లు జనవరిలో జాబితా ప్రకటించేది. బాక్‌మన్ మూణ్ణెల్లకోసారి చెబుతుంది. అక్యురాస్కేల్, రాపిడో లాంటి కొత్త తరం కంపెనీలు ఎప్పుడు సిద్ధమైతే అప్పుడు ప్రకటిస్తాయి. ఆ రోజు నుంచి డబ్బా మన చేతికి రావడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టడం మామూలే. ఈలోగా అడ్వాన్సు కట్టి కూర్చోవాలా, దుకాణంలోకి వచ్చాక చూసి కొనాలా, పాత మోడల్‌ను సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాలా?

ఇంజినుకీ బోగీలకీ ఒకటే జవాబు అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. ఇంజిను కోసం ఆగొచ్చు. బోగీల కోసం ఆగకూడదు. ఎందుకో బ్రిటన్‌లో ఎక్కువగా నడిచే ఓఓ స్కేలులోనే చూద్దాం. అందులో అసలు రైలు 1 అడుగు మోడల్‌లో 4 మిల్లీమీటర్లు, అంటే 76.2 వంతుల్లో ఒక వంతు. (పట్టాల వెడల్పు మాత్రం 16.5 మిల్లీమీటర్లే. లెక్క ప్రకారం 18.83 ఉండాలి. అందుకే ఓఓ ఇంజిను ముందు నుంచి చూస్తే కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది.)

ఇంజిను: ఆగితే పోయేది తక్కువ

ఇంజిను అచ్చులకు పెట్టిన ఖర్చు ఒక్క దఫా తయారీలో తిరిగి రాదు. అందుకని కంపెనీ అదే ఇంజినును కొత్త నంబరుతో, కొత్త రంగుతో మళ్లీ తెస్తుంది. మొదటి దఫాలో బయటపడ్డ లోపాలను రెండో దఫాలో సరిదిద్దే అవకాశమూ ఉంటుంది. పైగా ఒకే ఇంజినును ఇద్దరు చేయడం ఇప్పుడు మామూలైపోయింది. క్లాస్ 37 డీజిల్ బాక్‌మన్ దగ్గరా ఉంది, అక్యురాస్కేల్ దగ్గరా ఉంది. టెర్రియర్ అనే చిన్న ట్యాంక్ ఇంజినును 2018లో ఒకవైపు హార్న్‌బీ, మరోవైపు రెయిల్స్ దుకాణం, డాపోల్ కంపెనీ జోడీ ప్రకటించాయి. ముందే బుక్ చేసినవాళ్లకు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు లేకపోయింది.

తొందరపడితే ఎక్కడ దెబ్బతింటామో క్లాస్ 37 మీదే చూడొచ్చు. ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీ 1960 నుంచి 1965 దాకా వీటిని 309 తయారుచేసింది. మొదటి 119 ఇంజిన్లకు, అంటే డీ6700 నుంచి డీ6818 వరకు, ముక్కు మీద మధ్యలో తలుపులు, వాటికి చెరోపక్క ఒక రైలు నంబరు పెట్టె. డీ6819 నుంచి ఒకే పెట్టె నడిమధ్యన. తర్వాత మరమ్మతుల్లో కొన్నింటి ముఖాలు మారాయి కూడా. కాబట్టి 'క్లాస్ 37, నీలం రంగు' అని బుక్ చేస్తే సరిపోదు. మీకు కావలసిన నంబరు, ఆ నంబరు ఇంజినుకు ఆ రంగు ఉన్న ఏళ్లలో ఎలాంటి ముక్కు ఉందో అసలు ఫొటోలో చూసుకోవాలి.

అడ్వాన్సు కట్టినా కట్టకపోయినా తయారీలో ఏ మెట్టు మీద ఉందో గమనించండి. మొదట కంప్యూటర్ డ్రాయింగులు, తర్వాత ఉక్కు అచ్చులు, తర్వాత రంగు లేని తొలి నమూనా, ఆఖర్న రంగు వేసిన నమూనా. తొలి నమూనాలో చూడాల్సింది ఆకారం: పైకప్పు వంపు, కిటికీల అంచులు, ముందునుంచి చూస్తే ముఖం. రంగు వేసిన నమూనాలో గీతలు నిటారుగా ఉన్నాయా, నంబరు సరైన ఎత్తులో ఉందా చూడాలి. రంగు ఛాయను మాత్రం ఫొటోలో చూసి తీర్పు చెప్పొద్దు, లైటు మారితే ఛాయ మారుతుంది. ఆకారం తప్పయితే తర్వాత దిద్దడం కష్టం. రంగు తప్పయితే ఇంకా సమయం ఉంటుంది. రంగు నమూనా బయటికి వచ్చాక బుక్ చేసినా ఇంజిను విషయంలో చాలావరకు ఆలస్యం కాదు.

దీనికి మినహాయింపు ఒకటుంది. ఒక దుకాణమో, మ్యూజియమో, పత్రికో తన కోసం ప్రత్యేకంగా చేయించే పరిమిత సంఖ్య ఇంజిన్లు మళ్లీ రావు. అవి కావాలంటే మొదటి వారంలోనే చెప్పేయాలి.

బోగీలు: ఆగితే రేక్ కుదరదు

ఇంజిను ఒంటరిగా నిలబడుతుంది, బోగీ నిలబడదు. 1960ల బ్రిటిష్ ఎక్స్‌ప్రెస్‌కు ఎనిమిది మార్క్ 1 రకం బోగీల రేక్ (కలిపి కట్టిన బోగీల వరస) కట్టాలంటే ఇలా కావాలి: రెండు చివర్లా గార్డు గది ఉన్న బీఎస్‌కేలు రెండు, రెండో తరగతి ఎస్‌కేలు మూడు, మొదటి తరగతి ఎఫ్‌కే ఒకటి, రెండు తరగతులూ కలిసిన సీకే ఒకటి, టీ, తినుబండారాలు అమ్మే ఆర్‌ఎంబీ ఒకటి. అంగట్లో ఎప్పుడూ మిగిలేది ఎస్‌కే. ముందు అయిపోయేది బీఎస్‌కే. గార్డు గది లేకుండా ఆ కాలపు ప్రయాణికుల రైలు నడవదు, కాబట్టి రేక్ కట్టే ప్రతి ఒక్కరూ దాన్ని కొంటారు. రెండో దఫా కోసం ఆగితే ఆరు బోగీలు చేతిలో ఉండి, గార్డు లేని రైలు మిగులుతుంది.

ఛాయ విషయంలో ఇంకా గట్టి దెబ్బ తగులుతుంది. ముదురు మెరూన్ ఒక దఫాలో కాస్త గోధుమ వైపు, మరో దఫాలో కాస్త ఎరుపు వైపు జరుగుతుంది. విడివిడిగా చూస్తే రెండూ బాగుంటాయి. ఒకే రేక్‌లో తగిలిస్తే, పక్కన కిటికీ వెలుతురు పడితే, మధ్యలో ఒక బోగీ వేరే రైలు నుంచి ఊడి వచ్చినట్టు కనిపిస్తుంది. కంపెనీలు కలిపితే పైకప్పు బూడిదరంగు, కప్లింగ్ ఎత్తు, బోగీల మధ్య తోలుతిత్తి దారి ఎత్తు కూడా కుదరవు. రేక్ మొత్తం ఒకే కంపెనీ, ఒకే దఫా అయితే ఈ తలనొప్పి లేదు. బుక్ చేసేటప్పుడు ఎస్‌కేలు మూడింటికీ వేర్వేరు కేటలాగ్ నంబర్లు రాయించండి. లేకపోతే మూడు బోగీల పక్కనా ఒకే బోగీ నంబరు రాసి వస్తుంది.

ఎన్ని బోగీలు బుక్ చేయాలో కోరికను బట్టి కాదు, రైలు ఆగే లూప్ లైను పొడవును బట్టి తేల్చాలి. మార్క్ 1 అసలు పొడవు 64 అడుగుల 6 అంగుళాలు, మోడల్‌లో 258 మిల్లీమీటర్లు. ఎనిమిదికి 2,064. క్లాస్ 37 ఇంజిను మరో 246. మధ్య సందులు కలిపితే 2.35 మీటర్లు. మీ లూప్ 1.8 మీటర్లే అయితే ఐదు బోగీలు చాలు, ఆరోది సిగ్నల్ అవతల ఉండిపోతుంది.

లాగే శక్తి కూడా లెక్కేయండి. బోగీ సుమారు 150 గ్రాములు అనుకుంటే ఎనిమిది 1,200 గ్రాములు. 30కి 1 చొప్పున ఎక్కే వాలు మీద బరువు వెనక్కి లాగేది 40 గ్రాములు, చక్రాల రాపిడి మరో 30. ఇంజిను తన బరువులో అయిదో వంతు దాకా లాగగలదు. 600 గ్రాముల డీజిల్‌కు అది 120 గ్రాములు, తన బరువును వాలు మీద ఎక్కించుకోవడానికి 20 పోయినా చాలినంత మిగులుతుంది. 300 గ్రాముల ఆవిరి ఇంజినుకు ఆ పట్టు 60 గ్రాములే. అది అక్కడే చక్రాలు తిప్పుకుంటూ ఉండిపోతుంది. బోగీ లైట్ల కోసం చక్రాలను ఒరుసుకునే రేకు ముక్కలు ఉంటే రాపిడి ఇంకా పెరుగుతుంది.

మలుపులు కూడా కొలవాలి. చాలా కొత్త మోడళ్లు కనీసం రెండో రేడియస్, అంటే 438 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు అడుగుతాయి. మూడో రేడియస్ 505. ఈ రెండు లైన్ల మధ్య 67 ఉంది కాబట్టి పొడవాటి బోగీలు ఒకదాన్నొకటి రాసుకోవు. వంచే పట్టాలతో లైన్ల ఎడం 50కి తగ్గించి బిగువు మలుపు కట్టితే లోపలి బోగీ మూలలు, బయటి బోగీ నడుము తగులుకుంటాయి. పట్టాలు జిగురుతో అంటించే ముందు పొడవాటి బోగీలు రెండు పక్కపక్కన తోసి చూడండి.

సౌండ్ ఉన్నదా, లేనిదా?

డీజిల్ ఇంజిన్ల ధరల్లో ఈ ఒక్క మాటకు దాదాపు 90, 100 పౌండ్లు తేడా ఉంటుంది. డీసీసీ (పట్టాల ద్వారా ఒక్కో ఇంజినుకు విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) లైను ఉన్నవాళ్లకు కంపెనీ బిగించిన సౌండ్ లాభమే. విడిగా సౌండ్ డీకోడర్ (ఆ ఆదేశాలు అందుకునే ఇంజిను లోపలి చిప్పు), స్పీకరు కొంటే అంతకంటే తక్కువేమీ పడదు. పట్టాల వోల్టేజీతోనే వేగం మార్చే పాత తరహా డీసీ కంట్రోలరు ఉన్నవాళ్లకు మాత్రం సౌండ్ ఇంజిను వద్దు. డీకోడర్ మేల్కోవడానికే కొన్ని వోల్టులు కావాలి. నాబ్ సగం తిప్పేదాకా ఇంజిను కదలదు, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. వాళ్లకు డీసీసీ-రెడీ రకమే (డీకోడర్ లేకుండా, దానికి సాకెట్ మాత్రం ఉన్నది) మేలు.

డీసీసీ-రెడీ తీసుకుని తర్వాత డీకోడర్ పెట్టేవాళ్లు సాకెట్ ఏదో ముందే చూడాలి: 8 పిన్నులు, 21 పిన్నులు, ప్లక్స్22, నెక్స్ట్18. 21 పిన్నులదానిలో ఒక రంధ్రం మూసి ఉంటుంది, దాన్ని బట్టి దిశ తెలుస్తుంది. బలవంతంగా నొక్కితే పిన్ను వంగుతుంది. డీకోడర్ పెట్టగానే ఇంజినును ప్రధాన లైను మీద పెట్టొద్దు. మొదట ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్ సెట్టింగులు మార్చే విడి పట్టా) మీద పెట్టి సీవీ8 అనే సెట్టింగును చదవండి. జవాబు వస్తే వైరింగ్ బాగున్నట్టే. రాకపోతే ఎక్కడో తగులుకుంది. ఆ ట్రాక్ మీద కరెంటు తక్కువ కాబట్టి డీకోడర్ కాలకుండా బయటపడతారు. కొత్త డీకోడర్ చిరునామా 3, మార్చుకోవడం మరిచిపోతే రెండు ఇంజిన్లు ఒకే మీటకు కదులుతాయి.

సెకండ్ హ్యాండ్

కొత్త మోడల్ ప్రకటన రాగానే పాత మోడల్ ధర పడిపోతుంది, నడిపించుకోవడానికి అది చౌక బేరమే. అయితే రెండు చూడాలి. ఇరుసు మీది ప్లాస్టిక్ పళ్లచక్రం పగిలితే నడకలో టక్ టక్ మంటుంది. జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిస్తే చట్రం ఉబ్బి, బీటలు వారి, పొడి అవుతుంది, దానికి మందు లేదు. కింది భాగం ఫొటో అడిగి, చట్రం చివర్లు వంగాయేమో చూసి కొనండి.

అడ్వాన్సు ఎవరికి, ఎలా

దుకాణాలూ మూతపడతాయి. 1946 నుంచి నడిచిన మోడల్ రైళ్ల దుకాణం హ్యాటన్స్ 2024 జనవరిలో మూసేస్తున్నట్టు ప్రకటించింది. అందుకని పూర్తి డబ్బు ముందే తీసుకునే చోట కాక, పంపేటప్పుడే తీసుకునే చోట బుక్ చేయడం మంచిది. అడ్వాన్సు తప్పదంటే, బ్రిటన్‌లో ఉండేవాళ్లు క్రెడిట్ కార్డు వాడండి. వస్తువు ధర 100 పౌండ్లు దాటితే, 30 పౌండ్లు కార్డు మీద కట్టినా 1974 నాటి చట్టంలోని 75వ సెక్షన్ మొత్తం సొమ్ముకు రక్ష. ఒక్కో బోగీ ధర 100కు తక్కువయితే అది వర్తించదు, ఎనిమిది కలిపినా సరే. సెట్టుగా ఒకే ధరకు అమ్మితే వర్తిస్తుంది. హైదరాబాద్‌కో విజయవాడకో తెప్పించుకునేవాళ్లు ధరకు కస్టమ్స్ సుంకం, పోస్టేజీ కలిపాకే ఇంజిను దండగా కాదా తేల్చుకోవాలి.

ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని బ్రిటన్‌లో చేతికి వచ్చిన 14 రోజుల్లో వద్దనవచ్చు. కాబట్టి డబ్బా తెరిచిన రోజే ఇంజినును బోగీలు లేకుండా ముందుకు అరగంట, వెనక్కి అరగంట నడపండి. చక్రాల లోపలి ఎడం 14.4 నుంచి 14.5 మిల్లీమీటర్లు ఉందో లేదో గేజ్ పెట్టి చూడండి, తక్కువైతే పాయింట్ల (పట్టాలు చీలే చోటు) దగ్గర ఎక్కి దిగుతుంది. అన్ని బోగీలూ తగిలించి వెనక్కి నెడుతూ ఎస్ ఆకారపు మలుపు దాటించండి, కప్లింగ్ లోపం అక్కడే బయటపడుతుంది. బ్రేకు గొట్టాలు, మెట్లు ఉన్న చిన్న కవరును ఇవన్నీ అయ్యేదాకా కత్తిరించొద్దు. ఆ ముక్కలు అంటించాక దుకాణం వెనక్కి తీసుకోకపోవచ్చు. అంటించేటప్పుడు కూడా బోగీలు తగిలించే వైపు వదిలేసి, రెండో వైపే అంటించండి. రెండు వైపులా అంటిస్తే కప్లింగ్ పక్కకు తిరగలేక మొదటి మలుపులోనే ముందు చక్రాలు పట్టాలు తప్పుతాయి.